అమ్మానాన్నల కపుల్ డ్యాన్సు

జనవరి 19, సోమవారం

రిటైరై హాయిగా ఉన్నవాణ్ణి ఇవాళ మళ్ళీ ఉద్యోగంలో పెట్టారు. డ్యాన్సరు ఉద్యోగం.

మా అమ్మాయి శ్రీదివ్య కంపెనీ బస్సు దిగి, చెప్పులైనా విడవకుండా వచ్చి నా ఎదురుగా కూర్చుంది. పెళ్ళికి రెండు రోజుల ముందు సంగీత్ పెట్టుకుంటున్నారట. పేరు చూసి పాటలు పాడతారేమో అనుకున్నాను. పాడరు, ఎగురుతారు. ఎవరెవరు ఏ పాటకి ఎగరాలో కూడా తేల్చేశారు. పెళ్ళికొడుకు శ్రావణ్‌కుమార్, వాడి స్నేహితులు ఒక పాటకి. ఇదీ, దీని స్నేహితురాళ్ళూ ఇంకో పాటకి. ఆ తర్వాత అమ్మానాన్నల కపుల్ డ్యాన్సు. అంటే నేనూ హైమా ఒక జంట, శ్రావణ్ తల్లిదండ్రులు కౌసల్యమ్మ, వెంకటేశం ఇంకో జంట. స్టేజీ మీద, ఊరందరి ముందు, నడుం పట్టుకుని.

పెళ్ళి కూడా వీళ్ళే కుదుర్చుకున్నారు. గడ్డపోతారంలో ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే ల్యాబు. మందులు పరీక్షించమని జీతమిస్తే ఒకళ్ళనొకళ్ళు పరీక్షించుకున్నారు. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకున్నానంటే, నన్ను అడిగే వేళకి ఒప్పుకోవడం తప్ప నాకేం మిగల్చలేదు. కుర్రాడు మంచివాడే. గుమ్మడిదలలో పొలం ఉంది, పెద్దలంటే మర్యాద ఉంది. డ్యాన్సు పిచ్చి ఒక్కటే లేకపోతే బంగారం.

మా రోజుల్లో ప్లాంటు టౌన్‌షిప్ క్లబ్బులో ఉగాది ఫంక్షన్ జరిగితే మగవాళ్ళ కుర్చీలు ఇటు, ఆడవాళ్ళ కుర్చీలు అటు. మధ్యలో పిల్లలు పరిగెత్తడానికి దారి. హైమ అటువైపు ఎక్కడ కూర్చుందో కూడా నేను చూసేవాణ్ణి కాను. ఇంటికెళ్ళే వేళకి స్కూటర్ స్టార్ట్ చేస్తే ఆ చప్పుడు గుర్తుపట్టి వచ్చి వెనక కూర్చునేది. సంసారం దివ్యంగా నడిచింది. ఇప్పుడు మా బీరంగూడ కాలనీలోనే దసరా వచ్చిందంటే దాండియా. ఎవడి పెళ్ళాం కర్రని ఎవడు కొడుతున్నాడో అడిగే నాథుడు లేడు. పైగా దాన్ని ఫోన్లో తీసి ఆ మొగుడికే పంపిస్తారు. చాలా బాగుందండీ అని ఆయన జవాబిస్తాడు. సిగ్గనేది ఏ సంతలో అమ్ముకున్నారో తెలియదు.

చచ్చినా చెయ్యనని చెప్పాను. గోంగూర ఒలుస్తున్న హైమ తలెత్తి, ఒక్కసారి వెళ్ళి చూద్దామండీ అంది. ఆవిడ ఏదైనా అడగడం అరుదు. చూడ్డానికేం, చూస్తాను. చూసి నవ్వుకుని వస్తాను.

జనవరి 22, గురువారం

హైమ కొత్త చెప్పులు కొనుక్కుంది. మడమ దగ్గర పట్టీ ఉన్నవి, జారనివి. డ్యాన్సుకట. నాకేం.

జనవరి 25, ఆదివారం

పటాన్‌చెరులో ఒక ఫర్నిచర్ షాపు పైన హాలు. మిగతా రోజుల్లో జిమ్ము. నాలుగు గోడలకీ అద్దాలు, ఎటు తిరిగినా నా పొట్టే కనిపిస్తుంది. నేర్పేది నిహారిక అని ఒక పిల్ల. వారమంతా ఏదో ఫ్యాక్టరీలో పని చేస్తుంది, ఆదివారాలు పెళ్ళివారిని ఎగిరిస్తుంది. మనిషి బెత్తెడు, గొంతు మాత్రం షిఫ్టు సైరను. వచ్చినవాళ్ళందరూ ఆమెకి ఆంటీలు, అంకుళ్ళు. ముప్పై నాలుగేళ్ళు టర్బైన్లు బిగించిన ఫోర్‌మన్ నరసరాజు ఆ పిల్ల నోట్లో పడి అంకుల్ అయిపోయాడు.

ముందు వియ్యాలవారి వంతు. కౌసల్యమ్మ బతుకమ్మ దగ్గర ఊరి ఆడవాళ్ళందరికీ ముందు నిలబడే మనిషట. సిగ్గుపడకుండా కొంగు దోపుకుని నిలబడింది. వెంకటేశం భుజం మీది తువ్వాల తీసి మళ్ళీ వేసుకుని, మళ్ళీ తీసి, చివరికి భార్య నడుం మీద చెయ్యి పెట్టాడు. ఎద్దు మెడ మీద కాడి వేసినట్టు పెట్టాడు. పిల్లలందరూ ఈలలు. తండ్రి వయసువాణ్ణి చూసి ఈలలు వేయడం ఒక మర్యాద.

తర్వాత మేము. మీ చెయ్యి ఆంటీ నడుం మీద పెట్టండి, ఇంకో చేత్తో ఆంటీ చెయ్యి పట్టుకోండి అని నిహారిక చెప్పింది. కరెంటు బిల్లు కట్టి రండి అన్నంత మామూలుగా చెప్పింది. పాట పెట్టారు. హైమ నా వైపు చెయ్యి చాపింది. అద్దాల్లో కూడా చాపింది. శ్రావణ్ పిన్ని పిల్లలు, దివ్య స్నేహితులు, అందరి కళ్ళూ మా మీదే.

నాకు గొంతు ఎండిపోయింది. మంచినీళ్ళ కోసం బయటికి వచ్చాను. మెట్ల దగ్గర కూజాలో నీళ్ళు లేవు. కిందికి దిగాను. ఎదురుగా టీ కొట్టుంటే అక్కడికి వెళ్ళాను. అక్కణ్ణుంచి కారు దగ్గరే కదా అని కారులో కాసేపు కూర్చున్నాను. ఇందులో పారిపోవడం ఏముంది?

ఇంటికి వెళ్ళేటప్పుడు హైమ వెనక సీట్లో కూర్చుంది. ముందు సీట్లో నా సంచీ ఉంది, అందుకని అనుకున్నాను. హైవే మీద ట్యాంకర్లు అడ్డంగా నిలబడి ట్రాఫిక్ ఆగిపోతే, అప్పుడు నోరు విప్పింది.

"అంతమందిలో చెయ్యి చాపి నిలబడ్డానండీ. మీరు వస్తారేమోనని పాట అయ్యేదాకా దించలేదు."

నీళ్ళకి వెళ్ళానని చెప్పాను.

"ఇన్నేళ్ళలో మిమ్మల్ని చీర అడిగానా, నగ అడిగానా? అందరూ చూస్తుండగా ఒక్కసారి నా చెయ్యి పట్టుకోండి. నాకు కావాల్సింది అంతే."

పెళ్ళిలో పట్టుకున్నాను కదా, ఫోటో కూడా ఉంది అన్నాను. ఆ మాటకి ఆవిడ కిటికీ వైపు తిరిగింది. సరైన పాయింటు చెబితే ఎవరైనా అంతే.

జనవరి 26, సోమవారం

కాలనీలో జెండా ఎగరేసి వచ్చేసరికి టేబుల్ మీద ఉప్మా మూతపెట్టి ఉంది. మనిషి పెరట్లో బట్టలారేస్తోంది. రెండో సారి కాఫీ కావాలంటే ఇచ్చింది. ఇచ్చి వెళ్ళిపోయింది.

జనవరి 29, గురువారం

వెంకటేశం ఫోన్ చేశాడు. మోకాలు పట్టేసిందట, అడుగు తీసి అడుగు వేయలేకుండా ఉన్నాడట, డ్యాన్సు తన వల్ల కాదట. అదృష్టవంతుడు.

దాంతో ఈ కపుల్ డ్యాన్సు గొడవ వదిలిందని సంతోషించాను. సాయంత్రం తెలిసిందేమిటంటే వదల్లేదు. కౌసల్యమ్మకి మొగుడి మోకాలు పోయింది, హైమకి మొగుడే పోయాడు, కాబట్టి వియ్యపురాళ్ళిద్దరూ కలిసి ఒక జంటగా చేస్తారట! కౌసల్యమ్మే ఫోన్ చేసి, మనమే చేద్దాం వదినా అన్నదట. ఈవిడ సరే అన్నదట. పెళ్ళాలు మొగుళ్ళ నడుం పట్టుకోవడం చాలక, ఆడా ఆడా కలిసి కపుల్ డ్యాన్సు. చోద్యం. మా అమ్మ ఉంటే ముక్కు మీద వేలేసుకునేది.

మీకు ఇబ్బంది తప్పింది కదా, ఇంక సంతోషమేనా అని హైమ అడిగింది. సంతోషమే అన్నాను. సంతోషం కాక మరేమిటి?

ఫిబ్రవరి 1, ఆదివారం

ఆవిణ్ణి ప్రాక్టీసు దగ్గర దింపి నేను కారులోనే ఉన్నాను. పైకి రమ్మని ఎవరూ పిలవలేదు. పిలిచినా వెళ్ళేవాణ్ణి కాదు.

కాసేపటికి వెంకటేశం రెండు టీ గ్లాసులు పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. చకచకా దిగాడు. మోకాలు ఎలా ఉందని అడిగితే అటూ ఇటూ చూసి కారెక్కి తలుపు వేసుకున్నాడు.

"మోకాలు మంచిగనే ఉన్నది బావా. ఎవ్వలకు చెప్పకు. అందరి ముంగట నడుము మీద చెయ్యి పెట్టమంటె నాకు చెమటలు పట్టినయి. ఏం జేయాల్నో తెల్వక మోకాలని చెప్పిన."

చూశారా, ఎంత అబద్ధాలకోరో. భార్యని అలా మోసం చెయ్యడానికి మనసెలా వచ్చింది? నేనైతే నీళ్ళకి వెళ్ళాను, నిజంగానే గొంతు ఎండింది. అదీ ఇదీ ఒకటి కాదు. ఆ మాటే అతనికి మర్యాదగా అర్థమయ్యేట్టు చెప్పాను. అతను టీ తాగుతూ తలూపాడు. మా దిక్కు ఆడోళ్ళు బతుకమ్మ ఆడుతుంటే మొగోళ్ళం దూరం నిలబడి సూసుడే అలవాటు, దగ్గరికి పొయ్యే అలవాటు లేదు అన్నాడు. పైన మాత్రం వాళ్ళిద్దరూ బాగా చేస్తున్నారన్నాడు.

"మనం లేకుంటెనే మంచిగ జేస్తున్నరు. గది సూస్తే మనసు జెర ఎట్లనో అయితున్నది."

నాకేం ఎట్లానూ కాలేదు. కారు అద్దం దించితే పైనుంచి పాట, మధ్యలో ఎవరో ఆడమనిషి పగలబడి నవ్వడం వినిపించింది. ఎంత మోటుగా నవ్వుతోంది అనుకున్నాను. రెండో సారి నవ్వితే తెలిసింది, హైమ.

ఫిబ్రవరి 3, మంగళవారం

నిహారిక పెళ్ళి గ్రూపులో వీడియో పెట్టింది. అడుగులన్నీ మెల్లగా చేసి చూపించింది. మగవాళ్ళ భాగం విడిగా, ఆడవాళ్ళ భాగం విడిగా. అందరూ అంతగా పడిచచ్చేది దేనికో చూద్దామని మగవాళ్ళ భాగం ఒక్కటీ చూశాను. ఎడమ కాలు ముందుకి, కుడి కాలు పక్కకి, రెండూ కలుపు. మళ్ళీ మొదలు. మధ్యలో ఒకసారి భార్యని తిప్పాలి. దీనికి ఆదివారాలు తగలేసి, డబ్బు పోసి, ఒక గురువు కావాలా? అరగంటలో ఎవడికైనా వస్తుంది.

ఫిబ్రవరి 5, గురువారం

అరగంటలో రాలేదు. వీడియో సరిగ్గా తీయలేదు.

డాక్టర్ రోజూ ఒళ్ళు కదపమన్నాడు కాబట్టి పొద్దున్నే మేడ మీద కాస్త వ్యాయామం చేస్తున్నాను. ఊరికే నడిచే బదులు ఈ అడుగులు వేస్తే కీళ్ళకి మంచిది. ఎదురుగా మనిషి ఉంటే ఎంత దూరం ఉండాలో తెలియడానికి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి పెట్టుకున్నాను. తిప్పే చోట కుర్చీ వీపు పట్టుకుని తిప్పాలి. తిప్పుతుండగా పక్క మేడ మీద మిరపకాయలు ఆరబోస్తున్న నర్సింహమ్మ లేచి నిలబడి చూస్తోంది. కుర్చీ ఇరిగిందా సార్ అని అడిగింది. ఆ, చూస్తున్నానమ్మా అన్నాను. మంచిగనే ఉన్నట్టున్నది గదా అంది. ఈ కాలనీలో ఎవరి పని వాళ్ళు చూసుకోవడం అలవాటు లేదు.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఇవాళ ఒక తమాషా చూశాను. ప్రాక్టీసు నుంచి వచ్చాక హైమ వంటింట్లో పప్పుకి పోపు వేస్తూ, గరిటె చేతిలో ఉండగానే పాట కూనిరాగం తీస్తూ అడుగులు వేసుకుంటోంది. నేను మంచినీళ్ళ కోసం వెళ్ళి గుమ్మంలో ఆగాను. ఎడమ కాలు ముందుకి వేస్తోంది. ముందుకి! ఆడవాళ్ళు కుడి కాలు వెనక్కి వేయాలి. వీడియోలో స్పష్టంగా ఉంది. ఇన్ని ఆదివారాలు వెళ్ళి మొదటి అడుగే తప్పు నేర్చుకుంది.

చెబుదామనుకున్నాను. చెబితే నాకెలా తెలుసని అడుగుతుంది. పోనీలే, ఎదురుగా సరిగ్గా నడిపించేవాడు ఉంటే కాళ్ళు వాటంతట అవే దారిలోకి వస్తాయి. కౌసల్యమ్మకి ఏం తెలుసు నడిపించడం?

ఫిబ్రవరి 11, బుధవారం

వచ్చేసింది. మొత్తం పాట, మధ్యలో తిప్పడంతో సహా, ఎక్కడా ఆగకుండా. టర్బైన్ షాఫ్టుని వెంట్రుకవాసి తేడా రాకుండా కూర్చోబెట్టినవాణ్ణి, నా రెండు కాళ్ళు నేను కూర్చోబెట్టుకోలేనా?

కుర్చీ కాలు ఒకటి నిజంగానే విరిగింది.

ఫిబ్రవరి 13, శుక్రవారం

చాలా ఆలోచించాను. హైమ పట్టుదల మనిషి, వద్దంటే మానదు. తప్పు అడుగులతో అందరి ముందూ నవ్వులపాలవుతుంది. ఆవిడ నవ్వులపాలైతే ఆ పేరు నాదే. కాబట్టి తప్పదు, నేనే చెయ్యాలి. నా సరదా కోసం కాదు.

ఎవరికీ చెప్పను. వాళ్ళిద్దరూ స్టేజీ ఎక్కగానే నేను కుర్చీలోంచి లేస్తాను. తాపీగా నడుచుకుంటూ వెళ్ళి ఆవిడ ఎదురుగా చెయ్యి చాపుతాను. అందరూ చూస్తుండగా అంది కదా, అందరూ చూస్తూనే ఉంటారు. ఆవిడ నిర్ఘాంతపోతుంది. కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. పెట్టుకోనీ, మనిషికి కాస్త గుర్తుంటుంది. కౌసల్యమ్మకి కొంచెం ఇబ్బందే. కానీ ఆవిడకేం, దిగి వెళ్ళి మొగుడి పక్కన కూర్చుంటుంది.

ఇస్త్రీకి ఇచ్చిన చొక్కా గంధం రంగుది. పట్టు లాల్చీ వేసుకోమని దివ్య పోరుతోంది. చూద్దాం.

ఫిబ్రవరి 15, ఆదివారం

శివరాత్రి. ఉపవాసం. హైమా కౌసల్యమ్మా కలిసి గుట్ట మీద మల్లన్న దర్శనానికి వెళ్ళారు. క్యూ చాలా పెద్దదట, నిలబడ్డంతసేపూ అడుగులు చెప్పుకున్నారట. శివుడికి నాట్యం ఇష్టమే కదా అని హైమ నాతో హాస్యమాడింది. చాలా రోజుల తర్వాత నాతో హాస్యమాడింది. ఈ వారం మనసు బాగున్నట్టుంది. ఇరవయ్యో తారీఖు, సంగీత్ సాయంత్రం, ఇంకా బాగుంటుంది.

ఫిబ్రవరి 18, బుధవారం

దివ్య నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. ఇప్పటికైనా అమ్మతో ఒక్కసారి ప్రాక్టీసుకి వెళ్ళండి నాన్నా అంది. నాకేం ప్రాక్టీసు అక్కర్లేదన్నాను. అది వేరేగా అర్థం చేసుకుంది. మీరు ఆ రోజు వెళ్ళిపోయాక అమ్మ అద్దం వైపు తిరిగి కొంగు సర్దుకుంటున్నట్టు చాలాసేపు నిలబడింది, మీకు ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను అంది. చెప్పి వెళ్ళిపోయింది.

పెళ్ళి పనుల హడావిడిలో పిల్లలు ఏదో ఒకటి అంటారు. ఇరవయ్యో తారీఖున చూస్తుందిగా.

పట్టు లాల్చీయే వేసుకుంటాను.

ఫిబ్రవరి 21, శనివారం

నిన్న సాయంత్రం సంగీత్ అయింది. ఈ పేజీ ఖాళీగా వదిలేద్దామనుకున్నాను. వదిలితే రేపు ఎవరో చెప్పిందే నిజమనుకుంటాను.

ఇస్నాపూర్ రోడ్డు మీద ఫంక్షన్ హాలు. స్టేజీ మీద పొగ, తల మీద జుయ్యిమంటూ డ్రోను. శ్రావణ్ చిన్నాన్నలు తీన్‌మార్ వేసి స్టేజీ విరగ్గొట్టినంత పని చేశారు. మా వైపు బంధువులు నరసాపురం నుంచి వచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుని సినిమా చూసినట్టు చూశారు. తర్వాత మైకు పట్టుకున్న పిల్ల అమ్మల కపుల్ డ్యాన్సు అని అరిచింది. హైమ ఆకుపచ్చ చీర, కౌసల్యమ్మ మెరూన్ చీర. ఇద్దరూ స్టేజీ మధ్యకి వచ్చి నిలబడ్డారు.

నేను లేచాను. అనుకున్నట్టే తాపీగా నడిచాను. మెట్లెక్కుతుంటే కేకలు మొదలయ్యాయి. దివ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెట్టబోయిన పాట ఆపారు. హైమ ఎదురుగా నిలబడి చెయ్యి చాపాను. కౌసల్యమ్మ పెద్ద మనసుతో పక్కకి జరిగి, రా అన్నా, నువ్వు జెయ్యి అంది. ఒక్క హైమ మాత్రం నేను అనుకున్నట్టు లేదు. కళ్ళల్లో నీళ్ళు లేవు. నా చేతిని చూసింది, నా కాళ్ళని చూసింది.

"నాకు ఆడవాళ్ళ అడుగులు రావండీ," అంది, మైకుకి అందకుండా మెల్లగా. "పొడుగ్గా ఉన్నానని నిహారిక నాకు మగవాళ్ళ భాగం నేర్పింది. వదినగారు నా ఎదురుగా వెనక్కి వేస్తారు. మీకు వెనక్కి వేయడం వచ్చా?"

రాదన్నాను. ముందుకే వచ్చన్నాను.

"నాకూ ముందుకే వచ్చు. ఇద్దరం ముందుకే వస్తే గుద్దుకుంటాం. వదినగారు నన్ను నమ్ముకుని నిలబడ్డారు. మీరు వెళ్ళి కూర్చోండి."

కోపంగా అన్నా బాగుండేది. అలా అనలేదు. స్టవ్ మీద పాలున్నాయి, మీరు పడుకోండి అన్నట్టు అంది. అంటే వంటింట్లో ఆవిడ వేసిన అడుగు తప్పు కాదన్నమాట. నేను నేర్చుకున్నదే ఆవిడా నేర్చుకుంది, నాకంటే ముందే నేర్చుకుంది. ఈ ముక్క మేడ మీద కుర్చీని తిప్పుతున్నప్పుడు నాకు తట్టలేదు.

చెయ్యి ఇంకా చాపే ఉంది. ఎంతసేపు ఉందో తెలియదు. దించితే ఓడినట్టు, ఉంచితే పిచ్చివాడిలా. మైకు పిల్ల ఇదంతా ప్రోగ్రాంలో భాగమనుకుని, అంకుల్ కామెడీ సూపర్ అంది. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్ల మధ్యలోంచి మెట్లు దిగాను. మా బావమరిది నవ్వుతూ నా వీపు తట్టాడు. వాడి చెయ్యి విరిచేద్దామనిపించింది. వెంకటేశం మాత్రం పక్క కుర్చీ మీది తువ్వాల తీసి నాకు చోటిచ్చాడు.

పాట పెట్టారు. హైమ కౌసల్యమ్మ నడుం మీద చెయ్యి వేసింది, ఇంకో చేత్తో ఆవిడ చెయ్యి పట్టుకుంది. తల ఎత్తుకుని ముందుకి అడుగు వేసింది. నా జన్మలో ఆవిడ తల అంత ఎత్తడం చూడలేదు. కౌసల్యమ్మ కళ్ళు మూసుకుని వెనక్కి వేసింది. ఎక్కడా తడబడలేదు. తిప్పే చోట హైమ ఆవిణ్ణి తిప్పి, మళ్ళీ చేతిలోకి తీసుకుంది. నా కాళ్ళు కుర్చీ కింద వాటంతట అవే కదులుతున్నాయి. ఎడమ, కుడి, కలుపు. వెంకటేశం చూశాడు. చూసి అటు తిరిగాడు.

బాగా చేశారు. రాయక తప్పదు, నేనైతే అంత బాగా తిప్పలేను. ఏడుపొచ్చింది. హాల్లో పొగ ఎక్కువ.

ఇవాళ పొద్దున కాఫీ ఇస్తూ, ఎప్పుడు నేర్చుకున్నారని అడిగింది. ఎవరు, ఏమిటి అన్నాను. స్టేజీ ఎక్కగానే ముందు మీ ఎడమ కాలు కదిలింది, చూశాను అంది. నేనేం నేర్చుకోలేదన్నాను. సరే అంది.

ఫిబ్రవరి 22, ఆదివారం

పెళ్ళయింది. శ్రీదివ్య మంటపానికి ఎగురుకుంటూనే వచ్చింది. పూలజడ ఊడిపోతుందేమోనని నా భయం. అందరూ చప్పట్లు కొడుతుంటే నేనూ కొట్టాను.

ఫిబ్రవరి 24, మంగళవారం

పొద్దున పందిరి వాళ్ళు వచ్చి వాకిట్లో గుంజలు పీకుతున్నారు. బంధువులందరూ వెళ్ళిపోయారు. హైమ హాల్లో కూర్చుని మిగిలిన అరిసెలు డబ్బాల్లో సర్దుతోంది. నేను పేపరు చదువుతున్నాను. చదివిన పేజీయే మళ్ళీ చదువుతున్నానని తెలిసి మడిచి పక్కన పెట్టాను.

ఆ ఆడవాళ్ళ అడుగు ఎలా వేస్తారు అని అడిగాను.

"ఎవరికి?"

ఊరికే, తెలుసుకుందామని అన్నాను.

"ఊరికే అయితే చెప్పను."

డబ్బా మూత పెట్టడానికి కిందికి వంగింది. ఆ మూత ఎప్పుడూ సరిగ్గా పట్టదు, రెండు మూడు సార్లు నొక్కాలి. నొక్కినంతసేపూ నేను లేచి నిలబడే ఉన్నాను. ఎంత విసుగు పుట్టిందో చెప్పలేను. ఇంత పొగరు ఆవిడకి ఎక్కణ్ణుంచి వచ్చింది? కౌసల్యమ్మ సావాసం. చివరికి, నాకే, నాకే నేర్పు అన్నాను. నా గొంతు నాకే వికారంగా వినిపించింది.

హైమ లేచింది. చేతులకి అంటిన నెయ్యి కొంగుకి తుడుచుకుంది. వచ్చి ఎదురుగా నిలబడి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది, కొనాలా వద్దా అని తేల్చుకోలేని కూరగాయని చూసినట్టు.

"నేను ముందుకొస్తే మీరు వెనక్కి వెళ్ళాలి. కాళ్ళు చూసుకోకూడదు, నన్ను చూడాలి. మధ్యలో వదిలి వెళ్ళకూడదు. ఈసారి వెళ్తే నేను మళ్ళీ చెయ్యి చాపను."

వెళ్ళనన్నాను.

నా నడుం మీద చెయ్యి వేసింది. ఇంకో చేత్తో నా చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి గట్టిగా ఉంది, బెల్లం వాసనేస్తోంది. పాట లేదు, ఆవిడే కూనిరాగం తీసింది. అడ్డమైన డ్యాన్సు, ఎవడు కనిపెట్టాడో గానీ, వెనక ఏముందో చూడకుండా వెనక్కి వేయమంటుంది. మొదటి అడుగుకే కుర్చీకి గుద్దుకున్నాను. రెండో అడుగుకి ఆవిడ కాలు తొక్కాను. ఈ వెనక్కి వేసేవాళ్ళు ఏ నమ్మకంతో వేస్తారో నాకు అర్థం కాలేదు. హైమ అబ్బా అంది కానీ ఆపలేదు.

అప్పుడు వాకిట్లో చప్పుళ్ళు ఆగిపోయాయి. తలుపు బార్లా తెరిచి ఉంది. పందిరి వాళ్ళు గుంజలు భుజాన పెట్టుకుని అలాగే నిలబడి లోపలికి చూస్తున్నారు. గేటు దగ్గర పాలవాడు, వాడి వెనక ఎవరో ఆడవాళ్ళు.

హైమ కూనిరాగం ఆపేసింది. మొహం ఎర్రబడింది. చెయ్యి వదిలించుకోబోయి, "తలుపు వేసొస్తానుండండి," అంది.

"ఉండనీ," అన్నాను. చెయ్యి వదల్లేదు.